నర్మదా తీరాన ఒక రోజు నడక

మన దేశంలోని పెద్ద నదులలో అనేకం తూర్పుముఖంగా ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తాయి. నర్మద పడమటికి సాగుతుంది. అమరకంటక్ వద్ద జన్మించి, ఉత్తరాన వింధ్య, దక్షిణాన సాత్పురా శ్రేణుల నడుమ 1,312 కిలోమీటర్లు ప్రవహించి, గుజరాత్‌లోని భరూచ్ సమీపంలో సముద్రాన్ని చేరుతుంది. ఈ నదికి ఆసాంతం కాలినడకన ప్రదక్షిణం చేసే ఆచారం తరతరాలుగా ఉన్నది. దానినే నర్మదా పరిక్రమ అంటారు. నది ఎల్లప్పుడు కుడిచేతి వైపే ఉండాలి; నడుమ ఎక్కడా దానిని దాటరాదు; సముద్రసంగమం వద్ద మాత్రమే పడవలో ఆవలి ఒడ్డుకు చేరాలి. సంప్రదాయం ప్రకారం ఇందుకు 3 సంవత్సరాల 3 నెలల 13 రోజులు పడుతుంది.

అంత వ్యవధి లేని విద్యార్థికి ఒక రోజు నడక కూడ ఎంతో నేర్పగలదు. ఇందుకు జబల్‌పూర్ సమీపాన, ఉత్తర తీరంలో, భేడాఘాట్ నుండి గ్వారీఘాట్ వరకు ఉన్న దారి అనువైనది. వానకాలం గడచి, నీరు తేటపడిన తరువాత ఉదయాననే బయలుదేరడం మంచిది. ఎగువకు నడుస్తాము గనుక నది కుడివైపుననే ఉంటుంది.

భేడాఘాట్‌లో నర్మద ఎత్తయిన చలువరాతి కొండల ఇరుకున నిదానంగా సాగుతుంది. కొంత ఎగువన అదే నది ధువాంధార్ జలపాతమై దూకుతుంది. హిందీలో ధువా అంటే పొగ. తుంపరలు పొగవలె కమ్ముకొనడం వలన ఆ పేరు వచ్చింది. మరికొంత నడిస్తే లమ్హేటా ఘాట్ వస్తుంది. భూగర్భశాస్త్రంలో లమేటా శిలలు అని ప్రసిద్ధమైన పొరలకు ఈ ఊరిపేరే పెట్టారు. రాక్షసబల్లుల శిలాజాలు లభించే ఈ పొరలకు చెందిన ఎముకలను 1828లోనే జబల్‌పూర్‌లో కనుగొన్నారు.

తరువాత తిల్వారా ఘాట్. 1948లో గాంధీజీ చితాభస్మంలో కొంత ఇక్కడ నిమజ్జనం చేశారు. 1939 నాటి త్రిపురి కాంగ్రెసు మహాసభ జరిగినది ఈ ప్రాంతంలోనే. దాని అధ్యక్షపదవికి సుభాష్ చంద్రబోసుతో పోటీచేసి ఓడినవారు మన భోగరాజు పట్టాభి సీతారామయ్య. ఆయనే 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు.

సాయంకాలానికి గ్వారీఘాట్ చేరితే నదికి హారతి ఇవ్వడం చూడవచ్చు. ఎదుటి ఒడ్డున గురుద్వారా కనిపిస్తుంది. యాత్రికులు పడవలలో అక్కడికి వెళ్లివస్తుంటారు. పరిక్రమ నియమం పూనినవారు మాత్రం ఈవలి నుండే నమస్కరిస్తారు.

పరిక్రమ చేసేవారు దారిలో ఎదురైనవారిని "నర్మదే హర్" అని పలకరిస్తారు. ఊరివారూ అదే మాటతో బదులిస్తారు. పిండి, పప్పు, బియ్యం వంటి సంబారాలను యాత్రికులకిచ్చే సదావ్రతం అనే ఆచారం తీరగ్రామాలలో ఉన్నది. తమకు మిగిలినదే కాక, ఉన్నదానిలోనే భాగం పంచే పేద ఇళ్లు అనేకం. భాష తెలియని బాటసారి కూడ ఇక్కడ పస్తుండడు. ఇన్ని శతాబ్దాలుగా ఈ దారిని నిలిపినది ఈ ఆతిథ్యమే.

కాని దారి మారిపోతున్నది. జబల్‌పూర్‌లో జన్మించిన గుజరాతీ చిత్రకారుడు, శాంతినికేతన్‌లో నందలాల్ బోసు శిష్యుడు అమృత్‌లాల్ వేగడ్ (1928–2018) 1977లో ఈ పరిక్రమకు పూనుకొని, విడతలు విడతలుగా నడిచి, హిందీలోను గుజరాతీలోను యాత్రాగ్రంథాలు రచించారు. తొలి విడతలో ఆయన జబల్‌పూర్ నుండి మండ్లాకు నడిచిన తీరంలో చాలా భాగం తరువాత బర్గీ జలాశయం క్రింద మునిగిపోయింది. ఇందిరాసాగర్, సర్దార్ సరోవర్ జలాశయాలు మరెన్నో పల్లెలను, ఘట్టాలను ముంచివేశాయి. ఆనకట్టలు పొలాలకు నీరు, ఊళ్లకు విద్యుత్తు ఇచ్చిన మాట వాస్తవమే. అయితే మునిగిన పల్లెల ప్రజలు చెల్లాచెదురయ్యారు. పాత కాలిబాటలను వారితోపాటు మరచిపోయే ప్రమాదమున్నది. వేగడ్ గ్రంథాలలో ఆ బాటల వర్ణన నిలిచి ఉన్నది.

కనుక నదీతీరాన నడిచే విద్యార్థి చేతిలో ఒక నోటుపుస్తకం ఉండాలి. ఘాట్ల పేర్లు, వాటిని పడవవారు పలికే తీరు, వరదలు ఎంతవరకు వచ్చాయో వృద్ధులు చూపే గురుతులు, ఒడ్డునున్న చెట్ల పేర్లు వ్రాసుకోవాలి. నీటిలోను, ఒడ్డునను చెత్త వేయరాదు. నర్మదకు వెళ్లలేనివారు గోదావరి ఒడ్డునో, కృష్ణ ఒడ్డునో, తమ ఊరి వాగు గట్టునో ఈ పని ప్రారంభించవచ్చు.