ఫోన్‌కి వేరే వెబ్‌సైట్ కావాలా?

ప్రశ్న: మాది మంగళగిరిలో చేనేత చీరల దుకాణం. మా వెబ్‌సైట్ కంప్యూటర్లో బాగానే ఉంది, ఫోన్లో అక్షరాలు చీమల్లా కనిపిస్తున్నాయి. ఫోన్ల కోసం విడిగా ఇంకో సైట్ చేయించమంటున్నారు. చేయించాలా?

జవాబు: వద్దండి. రెండు సైట్లుంటే ధర మారినప్పుడల్లా రెండుచోట్లా దిద్దాలి. ఒకచోట మర్చిపోతారు, కొనేవాళ్లతో పేచీ మొదలవుతుంది. ఉన్నదాన్నే రెస్పాన్సివ్‌గా మార్పించండి. 2010లో ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ పెట్టిన పేరది. తెర వెడల్పును బట్టి అదే పేజీ సర్దుకుంటుంది: కంప్యూటర్లో వరసకు నాలుగు చీరలు, ఫోన్లో ఒకటో రెండో. ఇప్పుడైతే మీ కస్టమరు చీర మీది నిజాం అంచు చూద్దామని రెండు వేళ్లతో పెద్దది చేస్తే ధర తెర బయటికి పోతుంది. ఆవిడ విసుగెత్తి సైట్ మూసేస్తుంది. పైగా గూగుల్ కూడా ముందు ఫోన్లో కనిపించే పేజీనే చూసి లెక్కలోకి తీసుకుంటుంది.

ఒక్క మెలిక. తెర మీద ఫొటో చిన్నదైనంత మాత్రాన ఫైలు బరువు తగ్గదు. 4 ఎంబీ ఫొటో ఫోన్లోనూ 4 ఎంబీయే, డేటా ఖర్చు కొనేవాళ్లది. అందుకే ఫోన్‌కి చిన్న సైజు ఫొటోలు వెళ్లేలా అమర్చమనండి. డబ్బు ముట్టజెప్పే ముందు ఇంట్లో ఉన్న పాత ఫోన్లో, ఎండలో నిలబడి, మీరే ఒక చీర ఆర్డరు పెట్టి చూడండి.