చిగుళ్ల నెత్తురు – రక్తములోని చక్కెర



సంఘ పత్రికలో విత్తనములను, ఎరువులను, ఋణపు వాయిదాలను గూర్చి వ్రాయుట వాడుక. ఈ నెల నోటిలోని పండ్లను గూర్చిన పాఠమేల యని కొందరు సభ్యులు అడుగవచ్చును. సంతలో ఎద్దును కొనబోవు రైతు మొట్టమొదట దాని నోరు తెరచి పండ్లు చూచును. పండ్లు చెడిన పశువు మేత మేయజాలదనియు, మేత మేయని పశువు కాడి మోయజాలదనియు అతడెరుగును. పశువునందు చూపు ఈ జాగ్రత్తను మనవారు తమయందు చూపుట లేదు. తెల్లవారి పందుంపుల్ల నమలి ఉమ్మునప్పుడు నెత్తురు కనబడినచో "వేడి చేసినది" అని సరిపెట్టుకొని పొలమునకు పోవుదురు. ఆ నెత్తురునకును మధుమేహమునకును దగ్గర సంబంధము కలదు. దానిని తెలిసికొనుట మన ప్రాంతమువారికి మరింత అవసరము.

చిగుళ్ల రోగము ఎట్లు పుట్టును?

భోజనానంతరము పండ్లమీద జిగటగా పాచి చేరును. అందు కంటికి కనబడని సూక్ష్మజీవులు లెక్కకు మిక్కిలిగా నుండును. పాచిని ప్రతిదినము తీసివేయనిచో అది గట్టిపడి గారయగును. దానివలన చిగురు వాచును, ఎఱ్ఱబడును, తాకగనే నెత్తురు కారును. ఈ దశలో శుభ్రముచేసినచో చిగురు తిరిగి స్వస్థపడును.

ఉపేక్షించినచో పంటికిని చిగురునకును నడుమ సందు లోతగును. ఆరోగ్యవంతుల నోట ఈ సందు మూడు మిల్లీమీటర్లకు మించదు. రోగులలో నాలుగు, ఆరు, అంతకు మించియు దిగును. చెరువుగట్టులో ఎలుకబొరియ యెట్టిదో ఇదియు నట్టిదే. పైనుండి చూచిన గట్టు బాగుగనే యుండును. లోపల మన్ను జారిపోవుచుండును. పంటిని పట్టియుంచు ఎముక క్రమముగా కరగిపోవును. 2018 అక్టోబరు 11వ తేదీని తిత్లీ తుపానులో మన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా కూలుట చూచితిమి గదా. పుచ్చని పన్ను కూడ ఆధారము పోయినపుడు అట్లే ఊడును. ఈ రోగము తరచుగా నొప్పి లేకయే ముదురును. నొప్పి లేదు గనుక రోగము లేదనుకొనుట పొరపాటు.

చక్కెర చిగుళ్లను ఎట్లు చెరచును?

రక్తములో చక్కెర చిరకాలము హెచ్చుగా నున్నచో సన్నని రక్తనాళములు దెబ్బతినును. సూక్ష్మజీవులతో పోరాడవలసిన తెల్లకణముల శక్తి తగ్గును. నోరు ఎండును, లాలాజలము తగ్గుటచే పాచి సులభముగా పేరుకొనును. గాయము మానుట ఆలస్యమగును. కావున చక్కెర అదుపులో లేనివారికి చిగుళ్ల రోగము ఇతరులకంటె హెచ్చుగాను, తీవ్రముగాను వచ్చును. మధుమేహము కన్నులను, మూత్రపిండములను, నరములను, రక్తనాళములను చెరచునని వైద్యులు ఏనాటినుండియో చెప్పుచుండిరి. 1993వ సంవత్సరమున హరాల్డ్ లో అను దంతశాస్త్రవేత్త చిగుళ్ల రోగమును మధుమేహపు ఆరవ ఉపద్రవముగా పేర్కొనెను.

చిగుళ్లు చక్కెరను ఎట్లు పెంచును?

ఇది రెండువైపుల దారి. పండ్లన్నిటి చుట్టునుగల పుండును ఒకచోట పరచినచో, రోగము ముదిరినవారిలో అది అరచేతిలో కొంతభాగమంత వైశాల్యము కలిగియుండునని అంచనా. కాలిమీద అంతటి పుండున్నచో మనము వైద్యునియొద్దకు పరుగెత్తుదుము. నోటిలో నున్నది గావున కనబడదు. ఆ పుండునుండి సూక్ష్మజీవులును, వాపును కలిగించు పదార్థములును రాత్రింబగళ్లు రక్తములో చేరుచుండును. శరీరమంతయు చిన్న నిప్పు రాజుకొన్నట్లుండును. అట్టి స్థితిలో చక్కెరను కండరములలోనికి చేర్చవలసిన ఇన్సులిన్ తన పనిని సరిగా చేయజాలదు. చక్కెర రక్తములోనే నిలిచిపోవును. చక్కెర చిగురును, చిగురు చక్కెరను చెరచుచు, వడ్డీకి వడ్డీ చేరినట్లు రెండును పెరుగును.

చికిత్సవలన ఫలమెంత?

దీనిని తెలియుటకు ముందు లెక్కను గూర్చి ఒక మాట. పరగడుపున తీయు చక్కెర పరీక్ష సంఘపు పెట్టెలోని నాటి నగదువంటిది, నేడొకటి, రేపొకటి. హెచ్.బి.ఏ.1సి. అను పరీక్ష రెండు మూడు నెలల చిట్టా వంటిది. పరగడుపు చక్కెర 126 గాని, అంతకు మించి గాని, చిట్టా 6.5 శాతము గాని, అంతకు మించి గాని యుండి, మరల చేసిన పరీక్షలో స్థిరపడినచో మధుమేహమని నిర్ణయింతురు. రక్తహీనత గాని, ముదిరిన మూత్రపిండ రోగము గాని కలవారికి ఈ చిట్టా ఒక్కొక్కప్పుడు తప్పు చూపును. వారు వైద్యుని సలహాతో పరగడుపు పరీక్షలను కూడ చూచుకొనవలెను.

చిగుళ్ల సందులలోని గారను లోతుగా తీసి శుభ్రపరచినచో ఈ చిట్టా తగ్గునా? 2013లో అమెరికాలో 514 మందిపై జరిగిన పరీక్షలో తగ్గలేదు. అయినను ఒక్క మడి పంటను చూచి విత్తనమును నిర్ణయింపము గదా. 2022లో కాక్రేన్ సంస్థవారు 35 పరీక్షల ఫలితములను ఒకచోట కూర్చి చూడగా, మూడు నాలుగు నెలలకు సగటున 0.43 శాతము తగ్గినట్లు తేలినది. అనగా 8.4 ఉన్నవారికి సుమారు 8.0 అగునన్నమాట. ఇది గొప్ప అద్భుతము కాదు, వ్యర్థమును కాదు. మందుకు ఇది తోడు; మందుకు బదులు కాదు. పండ్లు శుభ్రమైనవని మాత్రలు మానినవాడు గండి పూడ్చి గట్టు తెగగొట్టినవానితో సమానుడు.

ఉద్దానమువారికి విశేష హెచ్చరిక

ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములలో మూత్రపిండముల రోగము ఎన్ని కుటుంబములను క్రుంగదీసినదో మనకు వేరుగా చెప్పనక్కరలేదు. పలాసలో 2023 డిసెంబరు 14వ తేదీని 200 పడకల వైద్యశాలయు, మూత్రపిండ పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడుట ఈ రోగముయొక్క తీవ్రతకే సాక్ష్యము. దాని మూలకారణము ఇంకను నిర్ణయింపబడలేదు. మధుమేహము లేనివారికిని అది వచ్చుచున్నది. కావున ఉద్దానపు రోగము చిగుళ్లవలన వచ్చినదని ఎవరును భ్రమపడరాదు. అయితే తెలియని శత్రువు ఒకడు ఇంటిచుట్టు తిరుగుచుండగా, తెలిసిన దొంగకు తలుపు తీయుట వివేకము కాదు.

ఆ తెలిసిన దొంగలు ఇద్దరు. మొదటిది, అదుపు తప్పిన మధుమేహము. అది మూత్రపిండములను చెరచునన్న విషయమున సందేహము లేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున పీమా జాతివారిలో మధుమేహులు 628 మందిని సుమారు 11 ఏండ్లు పరిశీలింపగా, చిగుళ్ల రోగము తీవ్రముగా నున్నవారిలో గుండె, మూత్రపిండముల వ్యాధులచే మరణించుట మిగిలినవారిలో కంటె సుమారు మూడు రెట్లు హెచ్చుగా నుండెనని 2005లో ప్రకటించిరి. చిగుళ్లే ఆ మరణములకు కారణమని దీనిచే రుజువు కాలేదు; రెండును కలసి నడచుచున్నవని మాత్రము తేలినది.

రెండవ దొంగ, నొప్పిమాత్ర. చిగురు వాచిననాడు దుకాణమునకు పోయి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటి మాత్రలను కొని మ్రింగుట మన పల్లెలలో పరిపాటి. మండుటెండలో జీడితోటలో పనిచేసి, ఒడలిలో నీరు తగ్గియున్నప్పుడు ఈ మాత్రలు మూత్రపిండములకు మరింత హాని చేయును. ఇదివరకే మూత్రపిండములు బలహీనపడినవారికి చెప్పనేల! మాత్రచే నొప్పి అణగును, గార అట్లే యుండును, పది దినములకు నొప్పి మరల వచ్చును, మరల మాత్ర. పంటినొప్పికి ఏ మాత్ర తగునో వైద్యునే అడుగవలెను.

పొగాకు మాట

చుట్టయు, బీడీయు, నోట నుంచుకొను పొగాకును చిగుళ్లను పాడుచేయును. చిత్రమేమనగా, పొగ త్రాగువారికి నెత్తురు తక్కువగా కారును. రోగము మాత్రము లోలోపల ముదురును. నిప్పు నోటిలోపల నుంచుకొను అడ్డపొగ మన జిల్లా స్త్రీలలో వాడుక. మన జిల్లా గ్రామములలో 10,169 మందిని పరీక్షించి, ఈ అలవాటు అంగిటికి కలిగించు హానిని 1971లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. అది అంగిటి పుట్టకురుపునకు దారి తీయును. తల్లులును, అవ్వలును ఈ సంగతిని గ్రహింతురుగాక.

చేయవలసిన పనులు

1. ఉదయమును, రాత్రి పరుండబోవునపుడును మెత్తని బ్రష్షుతో చిగురంచువెంబడి తోముకొనవలెను. పందుంపుల్ల వాడువారు కొనను మెత్తగా నమలి, చిగురు గీసుకొనకుండ తోమవలెను. ఇటుకపొడి, బొగ్గు, పొగాకుపొడి, గుడాకు పనికిరావు.

2. రెండు వారములు శ్రద్ధగా తోమినను నెత్తురు నిలువనిచో, లేక నోరు దుర్వాసన కొట్టినను, పన్ను కదలినను దంతవైద్యునికి చూపవలెను. అతనితోపాటు చక్కెర పరీక్షయు చేయించుకొనవలెను. 30 ఏండ్లు దాటినవారికి ఈ పరీక్ష ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములలో ఉచితము.

3. మధుమేహము కలవారు నెత్తురు కనబడకున్నను ఏటికొకసారియైన చిగుళ్లను చూపించుకొనవలెను.

4. గార తీయించినచో పండ్లు కదలునను మాట నిజము కాదు. ఎముక కరగినందున పండ్లు ముందే కదలియుండును. గార వానిని అంటి పట్టియుండుటచే తెలియలేదు. గార పోయినపిమ్మట చిగురు గట్టిపడును.

5. దంతవైద్యునియొద్దకు పోవునాడు భోజనము మానరాదు. ఇన్సులిన్ గాని, మాత్రలు గాని వేసికొని ఆకలితో కూర్చున్నచో చక్కెర పడిపోయి సొమ్మసిల్లుదురు. మధుమేహము, మూత్రపిండముల జబ్బు, వాడు మందులు ఇవి యన్నియు వైద్యునికి దాచక చెప్పవలెను.

6. ఒకసారి శుభ్రపరచినంతనే పని ముగియదు. కలుపు తీసిన మడిలో కలుపు మరల మొలచును. వైద్యుడు చెప్పిన గడువున మరల పోవలెను.

సభ్యులారా! వాయిదా తప్పిన చిన్న ఋణము పెద్దదై ఇల్లు ముంచుట మనలో చాలమంది ఎరిగినదే. పందుంపుల్లకు అంటిన నెత్తురుబొట్టు అట్టి మొదటి వాయిదా నోటీసు. దానిని చదివి నాడే చెల్లించినవానికి ఖర్చు కొంచెము. రేపటి ఉదయము ముఖము కడుగునపుడు ఇంటిల్లిపాదియు ఉమ్మిని ఒకసారి పరికింపుడు. ఎఱ్ఱగా కనబడినచో, ఆ వారములోనే చిగురును, చక్కెరను రెంటిని చూపించుకొనుడు.