ఎక్కుడు, దిగుడు: మూడు చక్రాల బండి మీద పెద్దవాళ్లకు చిట్కాలు

హన్మకొండ చౌరస్తాలో కాసేపు నిలబడి చూడండి. వెనక చక్రానికి రెండు పక్కలా చిన్న చక్రాలు బిగించిన స్కూటీల మీద నెరిసిన తలలు కనిపిస్తాయి. లెక్కకు నాలుగు చక్రాలున్నా జనం నోట అది మూడు చక్రాల బండే. వికలాంగుల సహకార సంస్థ ఇచ్చే బండ్లుగా మనకు ఇవి మొదట తెలుసు. ఇప్పుడు పోలియో వచ్చిన కాలుతోనే ముసలితనంలోకి అడుగుపెట్టినవాళ్లు, పక్షవాతం నుంచి తేరుకున్నవాళ్లు, మోకాళ్లు పూర్తిగా అరిగినవాళ్లు కూడా వీటి మీదే కాజీపేట నుంచి వరంగల్ దాకా తిరుగుతున్నారు.

బండి నడపడం నేర్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఎక్కడం, దిగడం మాత్రం ఎవరూ నేర్పరు. ‘పడదు కదా’ అన్న ధీమాతోనే అసలు చిక్కు మొదలవుతుంది. అది ఒరిగి పడకపోవచ్చు, కానీ దొర్లుతుంది.

1. బ్రేకు లాక్ వేశాకే బండి మీద చేయి వేయండి. పక్క చక్రాల బండికి స్టాండుతో పని ఉండదు కాబట్టి దాన్ని ఆపి ఉంచేది బ్రేకు ఒక్కటే. యాక్టివా లాంటి స్కూటర్లకు ఎడమ బ్రేకు లివర్ దగ్గర చిన్న క్లిప్పు ఉంటుంది. లివర్‌ను గట్టిగా నొక్కి ఆ క్లిప్పు వేస్తే వెనక చక్రం కదలదు. వేశాక నడుముతో బండిని ఒకసారి ముందుకు నెట్టి చూడండి. కదిలితే బ్రేకు వదులైందని అర్థం, మెకానిక్‌కు చూపించాల్సిందే. ఇంకో సంగతి: నేల ఎగుడుదిగుడుగా ఉండి వెనక చక్రం గుంత మీదకు వస్తే, బరువంతా పక్క చక్రాలే మోస్తాయి. అప్పుడు బ్రేకు పట్టినా లాభం లేదు. ఇంటి దగ్గరైతే ముందు చక్రం కింద ఒక చెక్క ముక్క పెట్టుకోండి.

2. తాళం చెవి తిప్పేది కూర్చున్నాకే. దిగేటప్పుడు ముందు ఇంజిన్ ఆపాలి, ఆ తర్వాతే మిగతా కదలికలు. ఊతం కోసం కుడి పిడిని పట్టుకుంటే అది రేసు. గేర్లు లేని బండి కదా, ఇంజిన్ ఆన్‌లో ఉంటే మనిషిని సగంలో ఉంచి ముందుకు దూకుతుంది. ఎలక్ట్రిక్ బండ్లతో ఇంకా పైలం, అవి ఆన్‌లో ఉన్నాయో లేదో చెవికి తెలియదు.

3. ముందు కూర్చోండి, కాళ్లు తర్వాత. మామూలు స్కూటర్ ఎక్కినట్టు ఒంటికాలి మీద నిలబడి ఇంకో కాలు అటు వేయాలని చూడకండి. పక్క చక్రాలు ఉన్నందుకు దొరికిన అసలు సౌకర్యం ఇదే: బండి ఒరగదు కాబట్టి కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. బండికి ఎడమ పక్కన, పక్క చక్రానికి ముందు, ఫుట్‌బోర్డును ఆనుకొని వీపు బండి వైపు పెట్టి నిలబడండి. సీటు అంచు తొడల వెనక తగిలేదాకా జరగండి. ఎడమ చేతితో సీటు వెనకున్న ఇనుప కడ్డీని పట్టుకోండి. కుడి చేయి ఎడమ వైపు పిడి మీద ఉండాలి, ఊరికే ఆనించినట్టు మాత్రమే. హ్యాండిల్ తిరిగిపోతుంది కాబట్టి బరువు మోయాల్సింది వెనక కడ్డీయే. సీటు మీద బాగా లోపలికి జరిగి కూర్చున్నాక ఒళ్లంతా కలిపి ముందుకు తిప్పుతూ ముందు కుడి కాలు, వెంట ఎడమ కాలు ఫుట్‌బోర్డు మీదకు తెచ్చుకోండి. కాలు లేవకపోతే తొడ కింద చేయి పెట్టి లేపండి, ఇందులో నామోషీ ఏమీ లేదు. అరికాలు నేలకు ఆనించి ఉంచి మోకాలిని మాత్రం మెలిపెట్టవద్దు. అరిగిన కీలుకు అంతకంటే చేటు లేదు. మోకాలి చిప్పలు మార్పించుకున్నవాళ్లు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరు ఒప్పుకునేదాకా బండి జోలికే పోవద్దు.

4. దిగడం దీనికి సరిగ్గా తిరగేసి. ఎడమ కాలు దించి, కుడి కాలు దాని పక్కకు తెచ్చి, సీటు అంచున పక్కకు తిరిగి కూర్చోండి. రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనాకే లేవాలి.

5. రోడ్డు మీద ఎక్కడం, దిగడం ఎప్పుడూ ఎడమ వైపే. కుడి వైపు నుంచి బస్సులు, ఆటోలు రాసుకుంటూ పోతాయి. అదీగాక స్కూటర్ సైలెన్సర్ చాలావరకు కుడి పక్కనే ఉంటుంది. లుంగీ కాస్త పైకి లేచిందా, పిక్క చురుక్కుమంటుంది.

6. ఆగినప్పుడు కాలు కింద పెట్టవద్దు. ఇన్ని చిట్కాల్లో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే పెట్టుకోండి. ఏళ్ల తరబడి చేతక్కో, లూనానో నడిపినవాళ్లకు సిగ్నల్ దగ్గర కాలు తనంతట తానే నేల మీదకు వస్తుంది. రెండు చక్రాల మీద అది ప్రాణం కాపాడే అలవాటు, ఇక్కడ ప్రాణం మీదకు తెచ్చే అలవాటు. నేల మీద పెట్టిన పాదానికి పక్క చక్రం సరిగ్గా వెనకే ఉంటుంది. ఆగీ ఆగకముందే కాలు పెడితే, బండి ఇంకో అడుగు జరిగేసరికి చక్రం మడమ మీదకు ఎక్కుతుంది. పాదం లోపలికి లాగబడితే మనిషి బోర్లా పడతాడు. అమెరికాలో హార్లీ డేవిడ్‌సన్ ట్రై గ్లైడ్ లాంటి భారీ మూడు చక్రాల మోటార్‌సైకిళ్లకు మారే పెద్దవాళ్లకు కూడా ఇదే జాగ్రత్త చెబుతారు. బండి పెద్దదైనా చిన్నదైనా కాలు చేసే తప్పు అదే.

అలవాటు మానడానికి ఒకటే దారి, దాని స్థానంలో ఇంకో అలవాటు పెట్టడం. బ్రేకు నొక్కిన ప్రతిసారీ రెండు పాదాలనూ ముందు డొప్పకు ఆనించండి. తెల్లవారుజామున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండు లాంటి ఖాళీ జాగాలో నడపడం, ఆపడం, పాదాలు ముందుకు తన్నిపెట్టడం, మళ్లీ నడపడం. కాలు ఆలోచించకుండా ముందుకు పోయే రోజు వచ్చాకే ట్రాఫిక్‌లోకి రండి.

7. అరుగు ఉంటే అదృష్టమే. యాక్టివా సీటు నేల నుంచి దాదాపు 765 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. సాధారణ కుర్చీ కంటే చాలా ఎత్తు. పొడుగు మనుషులకు ఇది మేలే, మోకాళ్లు ఎక్కువ వంచాల్సిన పని లేదు. అయిదడుగుల అవ్వకు మాత్రం కూర్చున్నాక కాలు నేలకు అందదు, దిగేటప్పుడు జారాల్సి వస్తుంది. వరంగల్ పాత ఇళ్ల ముందు అరుగులు ఇంకా మిగిలున్నాయి. బండిని తక్కువ ఎత్తు అరుగు పక్కకు తెచ్చి నిలిపితే సగం పని అయిపోయినట్టే. అరుగు లేని అపార్టుమెంటులో పార్కింగు గోడ పక్కన నాలుగైదు అంగుళాల సిమెంటు మెట్టు, దాని పక్కన గోడకు ఒక ఇనుప పిడి పెట్టించుకోవచ్చు. ప్లాస్టిక్ స్టూలు, పీట మాత్రం వద్దే వద్దు.

8. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. కుమార్‌పల్లి మార్కెట్లో కూరగాయల సంచి కొని కాళ్ల మధ్య కొక్కేనికి తగిలిస్తారు. వచ్చేటప్పుడు బాగానే ఉంటుంది. ఇంటి ముందు దిగబోతే కాలు తిప్పే దారికి ఆ సంచే అడ్డం. వెనక బుట్ట పెట్టించుకోండి. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్టకు వెళ్లే అమ్మలకూ ఇదే మాట. తాంబాలం పట్టుకొని బండి ఎక్కే సాహసం చేయవద్దు. వెనక కూర్చున్నాక ఎవరైనా అందిస్తారు, దిగేముందు ఎవరైనా అందుకుంటారు. వెనక కూర్చునేవాళ్లు ఇంకో సంగతి గమనించాలి: పక్క చక్రం మీద ఉండే మడ్‌గార్డు మెట్టు కాదు. పలుచటి రేకు మనిషి బరువుకు ఒంగి చక్రానికి తగులుతుంది.

9. సాయం చేసే కొడుకులకు, కోడళ్లకు ఒక మాట. “ఆగు బాపూ, నేను పట్టుకుంటా” అని చేయి పట్టి గుంజుతారు. లేకపోతే చంకల కింద చేతులు పెట్టి ఎత్తుతారు. ప్రేమ మంచిదే, భుజం కీలు తట్టుకోదు. సాయం చేసేవాళ్లు ఎదురుగా కాకుండా పక్కన నిలబడాలి. ఒక చేయి నడుము వెనక, బెల్టు ఉంటే బెల్టు మీద వేయాలి. రెండో చేయి చాచి ఉంచాలి. దాన్ని పెద్దాయనే పట్టుకోవాలి, మనం ఆయన చేతిని పట్టుకోవడం కాదు. తూలినప్పుడు ఎంత గట్టిగా పట్టుకోవాలో ఆయనకే తెలుస్తుంది. ఇంకొకటి, తొందర పెట్టవద్దు. వెనక కారు హారన్ కొడితే కొట్టనివ్వండి.

10. పంచె, లుంగీ అయితే కుచ్చిళ్లు మోకాళ్ల మధ్య దోపి కూర్చోవాలి. చీర కొంగు, చున్నీ నడుముకు చుట్టుకోవాలి. మామూలు బండికి ఒక్క వెనక చక్రమే ముప్పు, దీనికి పక్కన ఇంకో రెండున్నాయి.

11. హవాయి చెప్పులు వద్దు, మడమకు పట్టీ ఉన్నవి వేసుకోండి. భద్రకాళి గుడికి వెళ్లినప్పుడు చెప్పులు బండి దగ్గరే విడిచే అలవాటు చాలామందికి ఉంది. మే నెలలో తిరిగి వచ్చేసరికి తారు కాలుతుంటుంది, గబగబా గెంతుతూ బండి ఎక్కబోతారు. చెప్పుల స్టాండు గుడి ముందే ఉంటుంది, దాన్ని వాడండి.

12. ఎండకు కాగిన రెగ్జిన్ సీటు మీద కూర్చుంటే మనిషి ఎగిరి లేస్తాడు, అదే పడిపోవడానికి మొదలు. చెరగులకు తాడు కుట్టించిన నూలు గుడ్డ సీటుకు కట్టుకోండి. ఊరికే పరిచిన తువ్వాలు జారుతుంది. కారులో ప్లాస్టిక్ కవరు మీద కూర్చొని సులువుగా తిరిగే చిట్కా ఒకటి చెబుతుంటారు. బండి మీద దాన్ని ప్రయత్నించకండి, తిరగడంతో ఆగరు.

13. ఆగిన వెంటనే లేవవద్దు. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందకీ పదిసార్లు ఆడించండి, మోకాళ్లు కొంచెం చాచి ముడవండి. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు కూర్చొని చటుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరగవచ్చు. దిగి నిలబడ్డాక కూడా కడ్డీ పట్టుకొని కాసేపు ఉండి, అప్పుడు అడుగు వేయండి.

14. కుర్చీతో ఒక పరీక్ష. గోడకు ఆనించిన చేతుల్లేని కుర్చీలో కూర్చొని, రెండు చేతులూ ఛాతీ మీద కట్టుకొని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం పడిపోయే ముప్పును అంచనా వేయడానికి వాడే పరీక్ష ఇది. 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు 12 కంటే, ఆడవాళ్లు 11 కంటే తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గిందని లెక్క. తక్కువ వచ్చినవాళ్లు అదే కదలికను రోజూ పొద్దున కొన్నిసార్లు చేస్తుంటే బలం వస్తుంది. మొదట్లో చేతుల ఊతం తీసుకోవచ్చు. పక్కన ఒక మనిషి ఉండాలి.

15. చేతికర్రకు బండి మీద చోటు చేయించండి. దిగాల్సిన చోట కర్ర వెనక డిక్కీలో ఉంటే ఏం లాభం? ఎడమ పక్కన, కూర్చున్నచోటి నుంచి చేయి అందేంత దూరంలో రెండు క్లిప్పులు బిగించమంటే వెల్డింగ్ షాపువాళ్లు చేసిస్తారు. కర్ర లేని పేద వృద్ధులకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద ఉచితంగా ఇస్తుంది. 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైన పథకం అది.

16. వెనక కడ్డీకి పాత సైకిల్ ట్యూబు చుట్టండి, చెమట చేతికి జారదు. ఫుట్‌బోర్డు అంచున తెల్ల రంగో రేడియం టేపో వేస్తే శుక్లాలున్న కంటికి అంచు ఎక్కడుందో తెలుస్తుంది.

17. దిగే చోటు ముందే ఎంచుకోండి. మోరీ అంచున ఎప్పుడూ ఆపవద్దు, దిగే కాలికి అడుగు జాగా కావాలి. వాలు మీద ఆపవద్దు. వానాకాలంలో శివనగర్ అండర్ బ్రిడ్జి దగ్గర నీళ్లు నిలుస్తాయి, బండి ఆగిపోతే ఆ నీళ్లలోనే దిగాల్సి వస్తుంది. చుట్టు తిరిగి పోవడమే నయం. పక్క చక్రాల బండిని వెనక్కి నెట్టడం కష్టం కాబట్టి, నిలిపేటప్పుడే ముఖం రోడ్డు వైపు ఉండేలా నిలపండి. కొన్నిసార్లు పోకపోవడం కూడా ఒక చిట్కానే. నవంబరులో పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్ కోసం బ్యాంకు మెట్లు ఎక్కే బదులు, జీవన్ ప్రమాణ్ పని ఫోనులో ముఖం చూపించి ఇంట్లోనే పూర్తి చేసుకోవచ్చు.

18. చక్రాలు బిగించే ముందు ఆర్టీఏ గడప తొక్కండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. శారీరక లోపం ఉన్నవారి కోసం మార్చిన బండికి 2019 సవరణ ‘అడాప్టెడ్ వెహికల్’ అని నిర్వచనం ఇచ్చింది. వయసు ఒక్కటే అందుకు సరిపోదు, కాబట్టి డాక్టరు కాగితంతో ముందే వెళ్లి అడగాలి. మార్పు రిజిస్ట్రేషన్‌లో ఎక్కకపోతే ప్రమాదమప్పుడు ఇన్సూరెన్సుతో పేచీ వస్తుంది. 55 దాటాక చేయించుకునే లైసెన్సుకు అయిదేళ్లే గడువు, ఆ తేదీ కూడా ఒకసారి చూసుకోండి.

19. బండి లేనివాళ్లకు ఆటో ఉంది. అక్కడా అదే సూత్రం: వీపు లోపలికి పెట్టి ముందు సీటు అంచున కూర్చొని, తర్వాత కాళ్లు లోపలికి తీసుకోవాలి. షేర్ ఆటోలో మధ్య సీటు అడగండి, డ్రైవర్ పక్కన అంచు సీటు అసలే వద్దు. ఎక్కేముందే “తమ్మీ, నేను దిగి నిలబడేదాకా బండి కదపకు” అని చెప్పి, అతను సరేనన్నాకే కూర్చోండి.