గర్భిణీ ఆహారము – సంతానపు జీవక్రియ
ఉద్దానపు కొబ్బరితోటలలోను పలాస జీడిపప్పు పరిశ్రమలలోను శ్రమించు గర్భిణులకు అంగన్‌వాడీలు అందించు ఆహారము, 1975 అక్టోబరు 2న ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకమునకు చెందినది. దాని ఫలము జనన భారముతో ముగియక కౌమారము దాక నిలుచునని, హైదరాబాదు సమీప గ్రామములపై 2008లో ప్రచురితమైన పరిశీలన సూచించినది.

1987–90 నడుమ 15 గ్రామములలో గర్భిణులకును ఆరేండ్లలోపు పిల్లలకును మొక్కజొన్న, సోయా పిండి ఉప్మా పెట్టిరి; ఆ సంతానమును 13–18 ఏండ్ల ప్రాయమున, పథకమప్పటికి చేరని 14 గ్రామములవారితో పోల్చగా, సుమారు 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవుగలవారై, ఇన్సులిన్ నిరోధము తక్కువగలవారై యుండిరి. దేహపు కొవ్వులో మాత్రము చెప్పదగిన భేదము కానరాలేదు.

గర్భమున పోషణ కొరవడిన శిశుదేహము పొదుపునకు అలవడి, పిదప సమృద్ధి యెదురైనపుడు మధుమేహమునకు లోనగునను, ఈ ఫలితముతో పొసగు సిద్ధాంతమును 1992లో ప్రతిపాదించినవారు హేల్స్, బార్కర్.