'చిల్లర దేవుళ్లు' చదివిన తరువాత



మా తిరుమలగిరి విచారణలో ఒక తల్లి ఉదయపు పూజ అయిపోయాక సంచిలోంచి ఒక పుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. "మా బిడ్డ డిగ్రీ చదువుతున్నది ఫాదర్. ఇండ్ల అన్నీ పాడుమాటలేనట. చదవొద్దని మీరే చెప్పాలె" అన్నది. అది దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' నవల. ఒక్క పుట అయినా తిప్పకుండానే "చెబుతానమ్మా" అన్నాను. దేవుళ్లను చిల్లర అన్నందుకు నాకూ కొంత కోపం వచ్చిన మాట నిజం.

ఆ రాత్రి చదవడం మొదలుపెట్టాను. ఆ దేవుళ్లు గుడిలోని వారు కారు, నిజాము కాలంలో పల్లెలను ఏలిన దొరలు. రచయిత (1928-2015) దైవనింద చేసే మనిషీ కాదు. వేదాలను తెలుగులోకి తెచ్చిన పండితుడు.

నవలలో నన్ను ఆపివేసిన మాట 'ఆడబాప'. దొర ఇంటికి పెండ్లికూతురు వచ్చేటప్పుడు వెంట ఒక పేద పిల్లను పంపేవారు. ఆ పిల్ల బ్రతుకంతా గడీలోనే. పగలు దొరసానికి సేవ చేయాలి. రాత్రి దొరకూ, దొర చెప్పిన అతిథులకూ కాదనరాదు. ఆమెకు పెండ్లి ఉండదు. పుట్టిన బిడ్డలకు తండ్రి పేరు ఉండదు. ఇదేదో దూరదేశపు కథ కాదు. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి మనకు దగ్గరే.

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేటప్పుడు 'వ్యక్తి' అనే మాటకు బోయేథియుసు ఇచ్చిన నిర్వచనం కంఠతా పట్టాను. వివేకం గల స్వభావంతో విడిగా నిలిచే సత్త, అని. పరీక్షలో మంచి మార్కులే వచ్చాయి. బిందెలతో, మంచాలతో పాటు లెక్కకట్టి పంపిన ఆ పిల్లకు ఆ నిర్వచనాన్ని ఎవరు వర్తింపజేశారు?

పుస్తకం మూసి ఆదికాండము తెరిచాను. 29వ అధ్యాయంలో లాబాను లేయాకు జిల్ఫాను, రాహేలుకు బిల్హాను దాసీలుగా ఇచ్చి పంపుతాడు. తరువాతి అధ్యాయంలో వారిద్దరికీ యాకోబు వలన నలుగురు కుమారులు పుడతారు. వారిని ఎవరూ అడిగినట్లు లేదు. జ్ఞానోపదేశంలో పన్నెండు గోత్రాలు పిల్లల చేత వల్లె వేయిస్తాము గాని ఈ ఇద్దరు తల్లులను దాటవేస్తాము. 16వ అధ్యాయంలోని హాగారు సంగతి చూడండి. అబ్రాము, సారయి మాట్లాడేటప్పుడు ఆమెను 'దాసి' అనే అంటారు, పేరు పెట్టి పిలవరు. ఎడారిలో పేరు పెట్టి పిలిచినవాడు దేవదూత. ఎక్కడ నుండి వస్తున్నావు, ఎక్కడికి పోతున్నావు అని అడిగినదీ ఆయనే. పాడుమాటలున్నాయని పుస్తకాలను దాచవలసి వస్తే, మొదట పరిశుద్ధ గ్రంథాన్నే దాచాలి.

ఇక నా సంగతి. గురుపట్టం పొందిన కొత్తలో, వేరొక విచారణలో ఒక ఇల్లాలు కమిలిన చెంపతో నా దగ్గరకు వచ్చింది. "ఓర్చుకో అమ్మా, ఇది నీ సిలువ" అని చెప్పి పంపాను. ఎక్కడ నుండి వస్తున్నావని అడగలేదు, ఎక్కడికి పోతావనీ అడగలేదు. ఆమె మళ్లీ రాలేదు. 1995లో రెండవ జాన్ పాల్ పోపుగారు స్త్రీలకు వ్రాసిన లేఖలో, వారికి జరిగిన అన్యాయంలో తిరుసభ బిడ్డల పాలు ఉన్నందుకు విచారం తెలిపారు. అప్పట్లో ఆ లేఖను ప్రసంగంలో వివరించాను కూడా. ఆ ఇల్లాలు మాత్రం గుర్తుకు రాలేదు. ఒక నవల గుర్తు చేయవలసి వచ్చింది.

ఈ పుస్తకం చిన్నపిల్లల చేతికి ఇవ్వమని నేను చెప్పను. డిగ్రీ చదివే అమ్మాయి మాత్రం చదవాలి. వీలైతే తల్లి పక్కన కూర్చోవాలి.

వారం తరువాత పుస్తకం తిరిగి ఇవ్వడానికి వారింటికి వెళ్లి ఈ మాటే చెప్పాను. తల్లి ఏమీ అనలేదు. మూలన బియ్యం చెరుగుతున్న ముసలమ్మ చాట ఆపింది. "మా పెద్దమ్మను గట్లనే తోలిచ్చిండ్రు సామీ. మా ఇంట్ల అందరు 'గడీల ఆమె' అనేటోళ్లు" అన్నది.

"ఆమె పేరేమిటమ్మా?" అన్నాను.

చాలాసేపు ఆలోచించి చెప్పింది. మనవరాలు కాగితం మీద వ్రాసి నాకిచ్చింది. నవంబరు 2న సమాధుల దగ్గర పూజలో మృతుల పేర్లతో పాటు ఆ పేరు కూడా చదివాను.