దానము నుండి హక్కు వరకు

జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారానికి, టాటానగర్ రైల్వే స్టేషనుకు నడుమ బర్మామైన్స్ అనే పేట ఉన్నది. ఉత్తరాంధ్ర జిల్లాల నుండి కర్మాగారపు పనికై వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో బిహారీ, బెంగాలీ, ఒడియా, ఆదివాసీ కుటుంబాల సరసన తరాలుగా జీవిస్తున్నవి. కొలిమి ముందు నిలిచిన శ్రామికుని భాష ఏదైనా, పొంచి ఉన్న ప్రమాదం ఒక్కటే. పనిలో చేయి కోల్పోయిన మనిషికి, పుట్టుకతోనే చూపు లేని బిడ్డకు సమాజం ఇవ్వవలసినది జాలితో ఇచ్చే కానుకా, లేక తీర్చవలసిన బాకీయా? ఈ ప్రశ్నకు జంషెడ్‌పూర్ చరిత్రలోనే సగం సమాధానం లభిస్తుంది.

టాటా ఉక్కు కంపెనీ 1907లో స్థాపితమై, 1912లో ఉక్కు ఉత్పత్తి ప్రారంభించినది. ఆ సంవత్సరమే ఎనిమిది గంటల పనిదినాన్ని అమలుపరచినది. 1920లో, పనిలో గాయపడిన కార్మికులకు నష్టపరిహారం చెల్లించే పద్ధతిని స్వచ్ఛందంగా ప్రవేశపెట్టినది. మూడేళ్ల తరువాత, 1923లో, కార్మికుల నష్టపరిహార చట్టం వెలువడి, 1924 నుండి అమలులోకి వచ్చినది. ఈ రెండింటి మధ్య గల భేదం గమనింపదగినది. యజమాని ఉదారుడైతే కార్మికునికి పరిహారం దక్కేది. చట్టం వచ్చిన తరువాత, యజమాని ఉదారుడు కాకపోయినా, దానిని అడిగే అధికారం కార్మికునికి లభించినది.

అయితే ఆ చట్టం పనిలో కలిగిన గాయానికే పరిమితం. అదే కార్మికుని ఇంట చెవిటిదై పుట్టిన కూతురికి, పోలియో వల్ల కాలు చచ్చుబడిన కొడుకుకు దానిలో చోటు లేదు. వారికి మిగిలినది దాతల ఆదరణ. రెండవ ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళాధికారిగా పనిచేసిన లియొనార్డ్ చెషైర్ 1948లో ఇంగ్లండులో ఒక రోగిని తన ఇంట చేర్చుకొని సేవ చేసినాడు. ఆ పని క్రమంగా అనేక దేశాలకు విస్తరించినది. జంషెడ్‌పూర్ సమీపాన సుందర్‌నగర్‌లో గల చెషైర్ హోమ్ ఆ పరంపరలోనిదే. ఇటువంటి గృహాలు నిరాశ్రయులకు నీడనిచ్చినవి. కాని నీడ దొరకుట వేరు, ఊరిలో అందరితో కలిసి బ్రతుకుట వేరు.

దానానికీ న్యాయానికీ గల సంబంధాన్ని యూదు సంప్రదాయం ప్రాచీనకాలం నుండి విచారిస్తూ వచ్చినది. హీబ్రూ భాషలో దానానికి వాడే ‘త్సెదకా’ అనే మాట, న్యాయం అనే అర్థం గల ధాతువు నుండి పుట్టినది. 12వ శతాబ్దపు యూదు తత్త్వవేత్త మైమొనిడీస్ దానంలో ఎనిమిది మెట్లు చూపి, మనిషి మరల చేయి చాచనవసరం లేకుండ అతనికి పనియో పెట్టుబడియో సమకూర్చుటను అన్నింటికంటె పై మెట్టుగా నిలిపినాడు. ఈ భావం మన కాలంలో కార్యరూపం ధరించినది. అమెరికాలోని బోస్టన్ నగరాన 2002లో ఏర్పడిన రూడర్మన్ కుటుంబ సంస్థ, వికలాంగులను యూదు పాఠశాలలలో, ప్రార్థనా మందిరాలలో, ఉద్యోగాలలో చేర్చుకొనుట పౌరహక్కులకు సంబంధించిన విషయమని వాదించి, అందుకై ధనం వెచ్చించినది.

ప్రపంచదేశాలు కూడ ఈ దారినే నడచినవి. వికలాంగుల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించినది. భారతదేశం 2007లో ధ్రువపరచినది. మన 1995 నాటి చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించగా, 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాలను గుర్తించినది. 40 శాతం, అంతకు మించి వైకల్యం గల బాలబాలికలకు 6 నుండి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య, ప్రభుత్వోద్యోగ ఖాళీలలో 4 శాతానికి తగ్గని రిజర్వేషను హక్కులైనవి. భవనాలు, రవాణా అందరికీ అందుబాటులో ఉండుటకు తప్పనిసరిగా పాటింపవలసిన ప్రమాణాలను రూపొందించవలెనని 2024 నవంబరులో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించినది.

చట్టం వచ్చినంతమాత్రాన దాత పని తీరిపోదు. దాని స్వరూపం మారుతుంది. జంషెడ్‌పూర్‌కు ముడి ఇనుము పంపే నోవాముండి గనుల ఊరిలో టాటా స్టీల్ సంస్థ 2017లో ‘సబల్’ అనే కేంద్రాన్ని నెలకొల్పి, వికలాంగులకు జీవనోపాధికి తోడ్పడే శిక్షణ ఇప్పించుట ఇందుకు ఉదాహరణ. మైమొనిడీస్ చెప్పిన పై మెట్టు ఇదే.

బర్మామైన్స్‌లో చక్రాల కుర్చీలో కూర్చున్న ఒక బాలిక పాఠశాల వాకిట ఆగిపోయినదనుకొందము. ఇద్దరు దయామయులు ఆమెను ఎత్తి లోపలికి చేర్చవచ్చును. వారు రాని రోజున ఆమె చదువు ఆగుతుంది. మెట్ల ప్రక్కన వాలుదారి ఉన్ననాడు ఆమె ఎవరినీ అడుగనక్కరలేదు. పాఠకులు తమ పాఠశాల మెట్లను, గ్రంథాలయ ద్వారాన్ని ఒకమారు ఈ దృష్టితో పరిశీలించవలెను. ఆ గడప దాటలేక బయట నిలిచినవారు ఎవరో అప్పుడు తెలియగలదు.