కొలత అడిగి నీళ్ళలో దిగు

ధర్మవరం

పాపా,

నువ్వు మురుడేశ్వరం పోయి స్కూబా నేర్చుకుంటానన్నావని మీ అమ్మ ఫోన్ చేసి నన్నే తిట్టింది. నీకు ఈత నేర్పింది నేనే కదా! మన ఎర్రమంచి నుంచి ఎటు పోయినా సముద్రం రోడ్డున 300 కిలోమీటర్లకు తక్కువ లేదు, గొల్లపల్లి రిజర్వాయరు తప్ప పెద్ద నీళ్ళు చూడని పిల్లకు ఇదేం పిచ్చి అంటుంది. ఆమెకు నేను సర్దిచెప్పాను. పోయిరా. కానీ డబ్బు కట్టకముందే ఈ ఉత్తరం పూర్తిగా చదువు.

అక్కడ నీకు సామాన్లు అద్దెకిస్తారు. "స్మాల్ సైజు ఉందా" అంటే ఉందంటారు. ఆ స్మాల్ చాలాచోట్ల చిన్న మగవాడి కొలత. కూస్తో, గాన్యాన్ అనే ఇద్దరు 1943లో నీళ్ళలో ఊపిరి పీల్చే ఈ పరికరం తయారుచేసిన నాటి నుంచి చాలా ఏళ్ళు దాన్ని ఎక్కువగా వాడింది మగవాళ్ళే. భుజాలు వెడల్పు, నడుము పొడుగు, తుంటి సన్నం, అన్నీ వాళ్ళ ఒంటికే. 1970లో సముద్ర శాస్త్రవేత్త సిల్వియా ఎర్ల్ మరో నలుగురు ఆడవాళ్ళతో కలిసి సముద్రం అడుగున కట్టిన గదిలో రెండు వారాలుండి పరిశోధన చేసి వచ్చింది. వాళ్ళ చదువుకన్నా వాళ్ళు ఆడవాళ్ళన్న సంగతే అప్పటి పత్రికలకు ఎక్కువ ముచ్చటైంది.

గాలి నింపుకునే జాకెట్టును వాళ్ళు బీసీడీ అంటారు. ముందు చూసుకోవలసింది దాన్నే. నేను నేర్చుకున్న చోట ఇచ్చింది గాలి నింపగానే గడ్డం దాకా ఎగబాకింది, పట్టీలు ఛాతీని నొక్కేశాయి. సిలిండరు మూతి తలకు తగిలేది, అడుగు నడుము కింద కొట్టుకునేది. "కొత్తలో అంతేనమ్మా, అలవాటవుతుంది" అన్నారు. అలవాటు కాదు పాపా, అది కొలత తప్పు. ఆడవాళ్ళ కొలతతో చేసినవి ఉన్నాయి. వాటి వీపు పొట్టిగా ఉంటుంది, భుజం పట్టీలు వంపు తిరిగి ఛాతీ పక్కనుంచి పోతాయి. ఒడ్డునే తొడుక్కుని గాలి నింపించి, వెనకనుంచి ఒకరిని పైకి లాగమను. బాగా పైకి లేస్తే తీసిచ్చేయి. ఒట్టి గులాబీ రంగేసి "లేడీస్" అన్నదాన్ని మాత్రం నమ్మకు!

మాస్కు పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చు. చెయ్యి వదిలినా ఊడకపోతే అది నీది. అంచు కింద ఒక్క వెంట్రుక చిక్కినా నీళ్ళు కారతాయి, కాబట్టి జడ బిగించి కిందికి వేసుకో. గాలి అందించే రెగ్యులేటరుకు నోట కరిచే ముక్కల్లో చిన్నది ఉంటుంది, అడుగు. పెద్దది కరిచి పట్టుకుంటే పైకొచ్చేసరికి దవడ లాగేస్తుంది. వెట్‌సూట్ నడుము దగ్గర వదులైతే చల్లనీళ్ళు లోపల తిరుగుతూనే ఉంటాయి. ఆ వణుకు భయం వల్ల కాదు.

మామూలుగా ఇచ్చే అల్యూమినియం సిలిండరు నిండుగా ఉంటే 16 కిలోలకు పైగానే తూగుతుంది. నీది 48 కిలోల ఒళ్ళు. ఊపిరితిత్తులు చిన్నవైన వాళ్ళకు గాలి ఖర్చూ తక్కువే, కాబట్టి చిన్న సిలిండరు ఉంటే ఇవ్వమను. ఉండకపోవచ్చు. అడగడంలో తప్పులేదు.

మీ కార్ల ఫ్యాక్టరీలో ఈ కొలతల మాట అర్థం కానివాళ్ళుండరు. 2019 ఆగస్టులో మీ మొదటి సెల్టోస్ కారు మార్కెట్టుకొచ్చింది. అదే ఏడాది వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళ లెక్క ఒకటి బయటికొచ్చింది. కారు ఎదురుగా గుద్దుకున్నప్పుడు, బెల్టు పెట్టుకున్న ఆడవాళ్ళకు పెద్ద దెబ్బలు తగిలే అవకాశం మగవాళ్ళకన్నా 73 శాతం ఎక్కువట. పరీక్షల్లో కూర్చోబెట్టే బొమ్మ ఏళ్ళ తరబడి సగటు మగవాడి బొమ్మే. ఆడబొమ్మ అని చేసిందీ చాలామటుకు దాన్నే కుదించి చేసింది.

ఇక పడవ. మురుడేశ్వరం నుంచి డైవింగుకు తీసుకుపోయే నేత్రాణి ద్వీపానికి గంటకు పైగా ప్రయాణం. అసలు బాధ అక్కడుంది, దాని గురించి ఎవరూ నోరు విప్పరు. పడవలో మరుగుదొడ్డి ఉందో లేదో తెలియక ఆడపిల్లలు పొద్దున్నుంచి నీళ్ళు మానేస్తారు. మనం బస్సెక్కే ముందు చేసే పనే. కానీ ఒంట్లో నీళ్ళు తగ్గితే, పైకొచ్చేటప్పుడు రక్తంలో బుడగలు కట్టే డీకంప్రెషన్ జబ్బుకు ఆస్కారం పెరుగుతుందని డైవింగ్ డాక్టర్లు హెచ్చరిస్తారు. మరుగుదొడ్డి, బట్టలు మార్చుకునే చాటు, నీళ్ళలోకి లోతుగా దిగే మెట్లు, ఈ మూడూ లేని పడవ ఎక్కకు. ఎక్కేటప్పుడు సిలిండరు నీళ్ళలోనే విప్పి పైకందించు. అందులో చిన్నతనం లేదు.

మీ ఫ్యాక్టరీలోని కొరియా సార్లను జెజు దీవి హేన్యో గురించి అడిగి చూడు. సిలిండరు లేకుండా ఊపిరి బిగబట్టి నత్తలు, గవ్వలు ఏరే ఆడవాళ్ళు. ఒడ్డున బట్టలు మార్చుకుని చలికాచుకోవడానికి బుల్‌తొక్ అని రాళ్ళ దడి కట్టుకున్నారు. 1970ల్లో రబ్బరు సూట్లు వచ్చేదాకా పక్కన ముడులతో ఒంటికి తగ్గట్టు సర్దుకునే నూలు బట్టలే వేసుకునేవాళ్ళు. 2016లో యునెస్కో వాళ్ళ సంస్కృతిని గుర్తించింది. పని తమది కాబట్టి చాటూ, బట్టా తమకు కావలసినట్టు ఏర్పాటు చేసుకున్నారు.

మీ అక్కనూ తీసుకుపోతానన్నావు. ఆమెకిప్పుడు మూడో నెల, నీళ్ళలోకి వద్దంటే వద్దు. ఒడ్డున కూర్చోబెట్టు.

రేపే ఫోన్ చేసి నీ ఎత్తు, బరువు, పాదం కొలత చెప్పి, ఆ సైజులు ఉన్నాయా, పడవలో మరుగుదొడ్డి ఉందా అని అడుగు. లేవంటే ఇంకో చోట అడుగు. అడిగే ఆడవాళ్ళు నలుగురైతేనే వాళ్ళు తెప్పిస్తారు.

ఇట్లు
మీ చిన్నమ్మ